దిగడం తెలియని బిళ్ల

ఓదెలు నడక అతనిది కాదు. అతని భార్య సాంబలక్ష్మిది. కుడికాలు ఒక పిసరు పక్కకు వేసి, మడమ ముందు ఆనించి నడుస్తాడు. వెనకనుంచి చూస్తే లుంగీ కట్టుకుని అక్క పోతున్నట్టే ఉంటుందని బామ్మర్ది మొగిలి ఆట పట్టిస్తాడు. ఓదెలు మాట తక్కువ మనిషి.

కల్లు గీసేవాడు. తాడిచెట్టు మీదినుంచి పడి నడుము విరిగింది. కాళ్లు రెండూ చచ్చుబడి చాలాకాలం మంచంలో ఉన్నాడు. అప్పుడే హనుమకొండలో ఒక ప్రయోగశాలవాళ్లు కొత్త సంగతి ఒకటి కనిపెట్టి, దానికి ఒప్పుకునే మనుషుల కోసం వెతుకుతున్నారు. వాళ్లు ఓదెలు నడుముకు వెనక ఒక పెట్టె కట్టి, దాంట్లోంచి వెంట్రుకల్లాంటి తీగలు వెన్నులోకి దించారు. పెట్టెలో రెండు డిస్కులుంటాయి. సబ్బుబిళ్లంత ఉంటాయని ఓదెలు వాటిని బిళ్లలంటాడు.

మొదట వాటిలో ఏమీ లేదు. సాంబలక్ష్మి రోజూ అతని కాళ్లు చేతుల్లోకి తీసుకుని అడుగు వేయించేది. ఆమె చెయ్యి ఎటు తిప్పితే బిళ్లలు అది నేర్చుకునేవి. తిట్టుకుంటూ నేర్పింది, ఏడ్చుకుంటూ నేర్పింది. ఒకరోజు ఆమె చేతులు వదిలేసినా కాళ్లు ఆగలేదు. అలా ఆమె నడకే అతనికి వచ్చింది. తర్వాత సైకిలు తొక్కడం, గట్టు దాటడం అతను సొంతంగా కలుపుకున్నాడు.

రెండు బిళ్లల్లోనూ ఉండేది ఒకటే. అద్దం ముందు మనిషి, అద్దంలో మనిషి ఉన్నట్టు. ఒకటి చెడిపోతే రెండోది నడిపిస్తుంది. ఏళ్లు గడిచాయి. ఈమధ్య కుడివైపు నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. పెట్టె మీది దీపం ఎర్రబడింది.

ప్రయోగశాలలో తబస్సుం అనే ఇంజనీరు పెట్టెను పెద్ద యంత్రానికి తగిలించి చూసింది. హనుమకొండ పిల్లే. మొదటినుంచీ ఓదెలు పెట్టెను చూసేది ఆమే.

"ముసలివైనయ్ అన్నా. కుడి దానికి ఎక్కువ రోజుల్లేవు. ఎడమది గూడ దాని జోడీదే, ఒక్క నాడు పుట్టినయ్. కాకపోతే ఇంకా గట్టిగున్నది" అంది.

"రెండు తీసి రెండు కొత్తయి పెట్టరాదు? ఒక్కసారే పీడ పోతది" అంది సాంబలక్ష్మి.

"అప్పుడు నడక యాడికెల్లి వస్తదక్కా? మళ్ల నువ్వే కాళ్లు పట్టుకోవాలె." తబస్సుం నవ్వింది. "ముందు చెడిపోయేదాన్ని తీస్తం. దాని జాగల కొత్తది పెడ్తం. మంచిది ఒక్కటే ఉండి కొత్తదానికి అంత నేర్పుతది. నేర్పుడు అయినంక దాన్ని తీసి ఇంకో కొత్తది పెడ్తం. మా కంప్యూటర్లల గూడ గిట్లనే మారుస్తం."

"ఎంతసేపు పడ్తది?"

"గదే కష్టం. కంప్యూటర్ది తీగ పెడితే అదే ఎక్కుతది. అన్న నడక ఎక్కదు." ఆమె ఒక మీట నొక్కి చూపించింది. ఓదెలు కాళ్లు రెండూ కోడి తన్నుకున్నట్టు తన్నుకున్నాయి. యంత్రం తెర మీద పిచ్చి గీతలు పడ్డాయి. "చూసిన్రా, అంత చిక్కుపడి ఉన్నది. పని చేస్తెనే ఆ పని బయటికొస్తది, కొత్తదాంట్ల పడ్తది. చెయ్యంది పడది. అందుకని అన్న, ఇన్నేండ్లల కాళ్లతోటి ఏమేం చేసిండో అన్ని ఒక్కసారన్న చెయ్యాలె."

ఓదెలు తల ఊపాడు. కానీ కాళ్లతో చేసిన పనుల్లో భార్యకు తెలియనిది ఒకటుంది.

కొత్త బిళ్లలు ఇంకా రాలేదు. రెండూ ఒక్కచోటివి వద్దని, వేరువేరు ఫ్యాక్టరీల నుంచి తెప్పిస్తున్నానని తబస్సుం చెప్పింది. ఒక్కనాడు పుట్టినవి ఒక్కనాడే పోతాయేమోనని ఆమె భయం. పెట్టె మూత తీసి, చెడిపోయే కుడి బిళ్ల మీద ఎర్రటి గుండ్రటి కాగితం ముక్క అంటించింది. బిళ్లలు రాగానే తనే వాళ్ల ఊరికి వస్తానంది.

*

ఆ మధ్యలో కాటమయ్య పండుగ వచ్చింది. గీత కార్మికుల ఇళ్లలో ఆ రోజు కత్తీ, చెట్టెక్కే మోకు తాడూ కడిగి బొట్టు పెడతారు. ఓదెలు చెట్లెక్కడం మానేశాక ఆ ఇంట్లో బొట్టు పెట్టడానికి పెట్టె ఒక్కటే మిగిలింది. సాంబలక్ష్మి అతన్ని బోర్లా పడుకోబెట్టి, మూత తీసి, తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. కుడి బిళ్ల మీద ఎర్రగా గుండ్రంగా కనిపించింది.

"సూడు, మేడం ఒకదానికే పెట్టింది బొట్టు. జోడీల ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటరా?" అని ఎడమదానికి కుంకుమ పెట్టింది.

ఓదెలు నవ్వుకున్నాడు. తబస్సుం అక్కడ కాగితం అంటించిందని అతనికి తెలియదు. వీపు వెనకాల జరిగే పనులు అతనికెప్పుడూ తెలియవు.

తడికి ఊడిన కాగితం ఎప్పుడో జారిపోయింది. కుంకుమ మిగిలింది.

తబస్సుం వచ్చేసరికి వాకిట్లో పదిమంది పోగయ్యారు. ఆమె మూత తీసింది. ఎర్రగా ఉన్న బిళ్లను చూసింది, మీట తిప్పి బయటికి లాగింది. కుడో ఎడమో చూసుకోవాల్సింది, నంబరు చదవాల్సింది. జనం మాటల్లో రెండూ చేయలేదు. కొత్తది లోపల పెట్టి, తీసిన బిళ్లను సాంబలక్ష్మి చేతికిచ్చింది.

"ఇది పారేసేది గాదా?" అంది సాంబలక్ష్మి.

"అంత అయ్యేదాక పారెయ్యొద్దక్కా. పాతదైనా, సగం పోయిందైనా, ఉంటే ఆసరా."

సాంబలక్ష్మి దాన్ని కొంగున ముడేసి నడుముకు దోపుకుంది.

ఓదెలు లేచి నిలబడ్డాడు. నడిచాడు. పెట్టె కూయ్ మంది. కొత్త పని ఒకటి ఎక్కితే అలా కూస్తుందట. మళ్లీ అదే నడక నడిస్తే కూయదట. అంతా ఎక్కాక దీపం పచ్చగా మారుతుందట.

అయితే టిక్కు టిక్కు చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. కుడివైపు నుంచే. ఓదెలుకు వినపడింది. కొత్తది కూడా అరుస్తుందేమోలే అనుకున్నాడు. నిజానికి అడిగి ఉండాల్సింది. అడిగితే మళ్లీ హనుమకొండ పదమంటారు, పని ఆలస్యమవుతుంది, భార్య కన్నుగప్పి ఆ ఒక్కటీ చేసే వీలు దొరకదని నోరు మూసుకున్నాడు.

*

ఆ రోజుల్లో ఆ వాకిలికి జాతర కళ వచ్చింది. ఓదెలు గొంతుక్కూర్చున్నాడు, కూయ్. బాసింపట్టు వేశాడు, కూయ్. సైకిలు ఎక్కాడు, దిగాడు. వాగులోకి దిగి పిక్కలలోతు నీళ్లలో నడిచాడు. ఇసుకలో నడక వేరట, బురదలో నడక వేరట, రెండుసార్లు కూసింది. మొగిలి పెళ్లిలో ఎగిరిన ఎగురుడు గుర్తొచ్చి మొగిలే డబ్బా మీద దరువేశాడు. ఓదెలు సిగ్గుపడుతూ ఎగిరాడు. పెట్టె ఆపకుండా కూసింది.

"తన్నుడు మర్చిపోయినవ్ బావా. నన్నొకసారి తన్నినవ్, యాదికున్నదా?"

"రా, యాదికి తెచ్చుకుంటా."

మొగిలి నిజంగానే వంగాడు. కూయ్ మంది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తబస్సుం రోజూ బండి మీద వచ్చిపోతూ ఉంది. ఆమెకు ఇదంతా వింతగా ఉంది. ఒక మనిషి కాళ్లలో ఇన్ని ఉంటాయని ఆమె అనుకోలేదు. నిద్రలో పక్కకు తిరగడం ఒకటి. చెప్పు కోసం చూడకుండా కాలితో వెతుక్కోవడం ఒకటి. పాడె మోసేటప్పుడు వేసే అడుగు మామూలు బరువు మోసే అడుగులాంటిది కాదు. అది చేయడానికి ఊరికే పాడె కట్టడం బాగుండదని, ఎవరూ చూడకుండా నిచ్చెన ఒకటి భుజాన పెట్టుకుని మొగిలితో కలిసి దొడ్లో నడిచాడు. కూసింది.

చివరికి కూతలు ఆగిపోయాయి. ఏం చేసినా కూయడం లేదు. కానీ దీపం ఎర్రగానే ఉంది.

"ఇంకేదో ఉన్నదన్నా" అంది తబస్సుం. "పెద్దదే ఉన్నది. బాగ మిగిలిందని చూపెడ్తాంది."

అందరూ ఆలోచించారు. మోకాళ్ల మీద నడవమన్నారు, గోడ దూకమన్నారు. కూయలేదు. మొగిలి మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. సాంబలక్ష్మి తమ్ముడి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. మొగుడు ఊరవతల తాటివనం వైపు చూస్తున్నాడు.

"దొంగతనంగ చెట్లెక్కుతానవా?" అంది.

ఓదెలు తల దించుకున్నాడు.

"నా మీద ఒట్టేసినవ్. మంచంల ఉండి ఒట్టేసినవ్."

"ఏసిన."

"మోకు ఏడున్నది?"

"మా ఇంట్లున్నదక్కా" అన్నాడు మొగిలి మెల్లగా.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. అక్కడినుంచే అడిగింది. "కల్లుకా? కల్లు నీ బామ్మర్ది పోస్తడు గదా. ఎందుకెక్కినవ్?"

ఎప్పుడో తప్ప రెండు మాటలు కలపని మనిషి, తడుముకుంటూ చెప్పాడు. "నడిస్తే నువ్వు నడిచినట్టుంటది. కూసుంటే నువ్వు కూసోబెట్టినట్టుంటది. చెట్టు మీద ఒక్కటే నా కాళ్లు నాయి అనిపిస్తయ్."

ఆమె తబస్సుంను అడిగింది. "అదొక్కటి ఇడిసిపెట్టి రెండోది మార్చరాదు?"

"మార్చొచ్చక్కా. ఎక్కుడు పోతది. కానీ ఒకదాంట్ల ఒకటి చిక్కుకొని ఉంటయని చెప్పిన గదా. దాంతోటి మెట్లెక్కుడు పోతదో, నిలబడుడు పోతదో నాకు తెల్వది. తెల్సినట్టు చెప్పలేను."

సాంబలక్ష్మి లేచింది. "తే పో మోకు" అంది తమ్ముడితో.

*

తాటివనంలో పొద్దుటి ఎండ పడుతోంది. ఎక్కబోయేది మొగిలి గీసే చెట్టే. పైన కల్లు పట్టే లొట్టి వేలాడుతోంది. ఓదెలు చెట్టు చుట్టూ, తన నడుము చుట్టూ మోకు వేసుకున్నాడు. పాదాలు రెంటినీ కలిపి పట్టే తాడు, గుజి, తగిలించుకున్నాడు. సాంబలక్ష్మి దూరంగా నిలబడింది.

ఎక్కాడు. మోకు పైకి విసిరి, వెనక్కి వాలి, పాదాలు రెండూ కలిపి పైకి లాగి. పెట్టె ఒక్కో పట్టుకూ కూస్తూనే ఉంది. కింద తబస్సుం చేతిలోని కంప్యూటర్ పలకలో మిగిలిన భాగం కరిగిపోవడం చూస్తూ నిలబడిపోయింది. ఆమెకు ఆనందంగా ఉంది.

ఓదెలు మట్టల దాకా పోయాడు. మోకును ఒక మట్ట మొదలు మీదుగా వేసి ఆనుకున్నాడు. గాలి వీచింది. ఎండిన మట్టలు గలగలమన్నాయి. అప్పుడు తెలిసింది, టిక్కు టిక్కు చప్పుడు ఆగిపోయిందని.

దిగుదామని పాదాలు కదిపాడు. పాదాలు పైకి పోయాయి. తల మట్టలకు తగిలింది. మళ్లీ కిందికి దించబోయాడు. మళ్లీ పైకే లేచాయి. కాళ్లు చావలేదు. చక్కగా ఆడుతున్నాయి. వాటికి దిగడం తెలియదు, అంతే.

"కాళ్లు దిగుత లెవ్వు" అన్నాడు పైనుంచి, ఎవరికో చెప్పినట్టుగా.

తబస్సుం పలకలోకి చూసింది. పాత బిళ్ల పోయింది. మంచిదనుకున్నది పోయింది. ఇప్పుడు ఆడిస్తున్నది కొత్తది ఒక్కటే. దానికి ఇంతవరకూ చేసినవన్నీ వచ్చు, ఎక్కడంతో సహా. ఇంకా చేయనిది రాదు.

"అక్కా, నీ కొంగున్న బిళ్ల ఇటియ్యి." ముడి విప్పి తీసుకుని నంబరు చదివింది. కుంకుమ వేలికి అంటుకుంది. "ఇదే మంచిది. నేను మంచిదాన్ని తీసి చెడిపోయేదాన్ని పెట్టెల ఉంచిన."

సాంబలక్ష్మి ఆ ఎరుపును చూసింది. తను పెట్టిన బొట్టే. "ఇది పైకి పోతే దిగుతడా?" అంది.

"దిగుతడు. దీంట్ల అన్ని ఉన్నయ్."

మొగిలి ఇంకో మోకు తెచ్చుకుని తను ఎక్కి ఇస్తానన్నాడు. అలా ఒకే చెట్టుకు ఇద్దరూ ఎక్కాక ఓదెలు జారి కింద ఉన్నవాడి మీద పడితే ఇద్దరూ పోతారు. సాంబలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. పైకి చూసి, "లొట్టి దించు" అంది.

ఓదెలు లొట్టిని సన్నతాడుతో కిందికి వదిలాడు. నురగలు పొంగుతూ వచ్చింది.

"పారబొయ్" అంది తమ్ముడితో.

"పొద్దుగాల కల్లక్కా."

"పారబొయ్."

మొగిలి పారబోశాడు. ఆమె కొంగు అంచు చింపి, బిళ్లను మూటగట్టి లొట్టిలో పెట్టింది. లొట్టి చెట్టుకు తగులుతూ, తిరుగుతూ పైకి పోయింది.

తబస్సుం గొంతు పెంచి చెప్పింది. "అన్నా, మంచిగ ఇను. కొత్తది లోపలుండంగ ఇది పెట్టొద్దు. పెడితే పెట్టె కొత్తదాన్నే పెద్ద అనుకుంటది, దీంట్లదంత తుడిచేసి దానికున్న కాడికే రాస్తది. దిగుడు రెండిట్ల పోతది. ముందుగాల రెండు తియ్యి. ఏం లేకుంట జెయ్యి. తర్వాత ఇదొక్కటే పెట్టు."

"రెండు తీస్తె కాళ్లు?"

"ఉండవన్నా. పెట్టేదాక ఉండవు."

ఓదెలు మోకును ఇంకోసారి మట్ట మొదలుకు తిప్పి బిగించాడు. ఎడమచేత్తో చెట్టును కావలించుకుని చెంప బెరడుకు ఆనించాడు. కుడిచెయ్యి వెనక్కి పోనిచ్చి మూత తీశాడు. చచ్చిన బిళ్లను లాగి లుంగీ మడతలో వేసుకున్నాడు. రెండోదాన్ని పట్టుకుని ఆగాడు. కింద భార్య కనిపిస్తోంది. చిన్నగా, కదలకుండా.

లాగాడు.

కాళ్లు తడిబట్టల్లా వేలాడాయి. గుజి జారి కింద పడింది. బరువంతా మోకు మీదికి, ఒంటిచేతి మీదికి వచ్చింది. మంచంలో ఉన్న రోజులన్నీ ఆ ఒక్క క్షణంలో నడుము కిందికి తిరిగి వచ్చేశాయి. తీసిన బిళ్లను మడతలో దోపి, లొట్టిలోంచి మూట తీసి పళ్లతో విప్పాడు. వీపు వెనక గూడు కనపడదు. వేలితో తడిమి, అంచు ఆనించి, నెట్టాడు.

టక్కుమంది. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత అరికాళ్లలో చెట్టు తగిలింది.

దిగాడు. గుజి లేకుండా, మెల్లగా, పాత పద్ధతిలో. నేల మీద కాలు పెట్టాక సాంబలక్ష్మి అతని ముఖం చూడకుండా గుజి ఏరుకుని ముందు నడిచింది.

*

మరునాడు తబస్సుం పొద్దున్నే వచ్చింది. ఈసారి నంబరు మూడుసార్లు చదివింది. మంచి బిళ్లను పెద్దగా ఉంచి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టింది. దీపం ఎర్రగానే ఉంది, కానీ మిగిలింది కొంచెమే.

"తప్పు నాది. నంబరు చదవలే" అంది.

"బొట్టు నేను పెట్టిన" అంది సాంబలక్ష్మి.

"చప్పుడు నేను ఇన్న" అన్నాడు ఓదెలు. "అడగలే."

ముగ్గురూ చాయ్ తాగారు.

"దిగుడు ఒక్కటే మిగిలింది" అంది తబస్సుం. "చిన్న చెట్టయినా చాలు."

సాంబలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "ఈతచెట్టు ఉన్నది చెలక గట్టుకు. మనిషిన్నర ఎత్తుంటది. పా. కాళ్లు నేను పట్టుకుంట."

తబస్సుం తొందరగా చెప్పింది. "అక్కా, నువ్వు పట్టుకుంటే అన్న దిగుడు పోతది. పైకెల్లి రాసినట్టు నీదే పడ్తది, రెండు బిళ్లలల్ల. మళ్ల తిరిగి రాదు."

"ఎరికె" అంది ఆమె. మొగుడి వైపు తిరిగింది. "ఎక్కుడు నీదే ఉండనియ్. నేనేం అనను. దిగుడు నాది. ఒప్పుకుంటవా?"

ఓదెలు తన పాదాల వైపు చూసుకున్నాడు. నిన్న చెట్టు మీద అవి రెండూ పైకే పోతుంటే, కిందినుంచి కదలకుండా చూసిన మనిషి ఆమె.

"పా" అన్నాడు.

ఈతచెట్టు సగం ఎక్కి ఆగాడు. సాంబలక్ష్మి కింద నిలబడి రెండు మడమలూ అరచేతుల్లోకి తీసుకుంది. ముందు కుడిది దించింది, ఒక పిసరు పక్కకు. తర్వాత ఎడమది. కొంగు జారింది. ఆగి, మోచేత్తో సవరించుకుని, మళ్లీ పట్టుకుంది. "బలిమి పెట్టకు, నేను దించుతున్న గదా" అని గదిమింది. మళ్లీ కొంగు జారింది. మళ్లీ ఆగింది. పెట్టె కూస్తూ ఉంది.

అతని పాదం మట్టి తాకగానే దీపం పచ్చబడింది. తబస్సుం మిగిలిన పాత బిళ్లను తీసి, ఇంకో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తదాన్ని పెట్టింది. తీసినదాన్ని సాంబలక్ష్మికి ఇవ్వబోతే, ఆమె ముందుగానే కొంగు పట్టింది.

ఓదెలు ఇప్పుడు దాచుకోకుండా తాటిచెట్లకు పోతున్నాడు. ఎక్కేటప్పుడు ఉడతలా పోతాడు. దిగేటప్పుడే ఆలస్యం. రెండు పట్టులు దిగి, ఉన్నట్టుండి కాళ్లు ఆగిపోతాయి. కాసేపు ఊరికే నిలబడి, మళ్లీ దిగుతాడు.

మొదటిసారి చూసి మొగిలి భయపడ్డాడు. "ఏమైంది బావా, మళ్ల చెడిపోయిందా? మధ్యమధ్యల ఎందుకు ఆగుతానవ్?"

"ఏం కాలే" అన్నాడు ఓదెలు చెట్టు మీదినుంచి. "మీ అక్క కొంగు సవరించుకుంటాంది."